ఒరుగుల బీరు

వినగడప తోటలో మూడో వరస చెట్ల కింద నిలబడి, గిరిబాబు ఒక కొమ్మ వంచి పూత చూశాడు. పూత విరగబూసింది. నాలుగేళ్ళలో ఇంత పూత ఈ తోటలో చూడలేదు. అందుకే పెదవి విరిచాడు.

"ఏం బాబాయ్, తేనెమంచు పురుగు పట్టినట్టుందే?"

"ఎక్కడ్రా పురుగు? కళ్ళజోడు పెట్టుకుని చూడు," అన్నాడు బసవపున్నయ్య. తోట ఆయనది. నోట్లో వేపపుల్ల తీయకుండానే మాట్లాడతాడు.

"పురుగు లేకపోతే ఆకు జిడ్డుగా ఎందుకుంది? పైగా ఈ పక్క నేల చౌడు. పిందె నిలవదు."

"పోయినేడూ ఇదే మాటన్నావు. ఆ నిలవని పిందెలే కదా నువ్వు లారీల్లో తోలుకుపోయింది!"

గిరిబాబు నవ్వలేదు. తిరువూరు చుట్టుపక్కల మామిడితోటల్లో పూత మీదే కాపు కొనే పని అతనిది. ఇరవై ఏడేళ్ళుగా అదే పని. ఈ వ్యాపారంలో అతను నేర్చుకున్నదల్లా ఒకటే లెక్క. కావాలనుకున్న తోటకి వంక పెట్టాలి, వద్దనుకున్న తోటని నలుగురిలో మెచ్చుకోవాలి. అప్పుడు పోటీ వ్యాపారులు ఆ రెండోదాని వెంట పడతారు. ఈ లెక్క ఎంత ఒంటబట్టిందంటే, ఇంట్లో భార్య చేసిన కూర ఎంత బాగున్నా "ఉప్పు సరిపోయింది" అనడమే అతనికి చేతనైన పొగడ్త.

జేబులో ఫోన్ మోగింది. పేరు చూసి నాలుగడుగులు పక్కకి జరిగాడు. బసవపున్నయ్య కూడా మాట తెగకూడదని నాలుగడుగులు వెంట వచ్చాడు.

"గిరిబాబు గారూ, పూజితని. డిసైడ్ చేసేశానండి. ఎల్లుండి బీర్ ఫెస్టివల్‌కి బంగినపల్లి గోధుమ బీరే పంపిస్తున్నా. మీరన్నట్టే."

గిరిబాబు ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"మరి... ఆ ఒరుగులది?"

"అది తీసేస్తున్నానండి. ట్యాంకు కావాలి, కొత్త బ్యాచ్ వెయ్యాలి. సాయంత్రం పారబోసి కడిగేస్తాం. పలచగా ఉంది, నురగ నిలవట్లేదు, ఉప్పు ముందుకొస్తోంది, చివర్లో వగరు. నాలుగూ నిజమేనండి. మీరు చెప్పినవన్నీ రాసిపెట్టుకున్నా."

హైదరాబాదులో కొండాపూర్ దగ్గర, బీరు అక్కడే కాచి అక్కడే పోసే పబ్బులో పూజిత బీరు తయారుచేస్తుంది. ముప్పై ఏళ్ళు కూడా లేవు. గిరిబాబుకి బీరు పిచ్చి పట్టి ఆరేళ్ళయింది. మామిడికాయల లోడుతో బెంగళూరు వెళ్ళినప్పుడు ఎవరో ఇలాంటి పబ్బుకి తీసుకెళ్ళారు. ఆ రోజు నుంచి బెంగళూరు, పుణె, గోవా, హైదరాబాదు, ఎక్కడ ఇలాంటి చోటుందన్నా వెళ్ళడం, ప్రతిదీ చిన్న గ్లాసుడు తాగడం, నోట్‌బుక్కులో రాయడం. కాయని వాసన చూసి ఎన్ని రోజుల్లో మగ్గుతుందో చెప్పే ముక్కు, బీరు దగ్గర కూడా అలాగే పనిచేసింది. ఒకసారి పూజిత పోసిన గ్లాసు దగ్గరికి తీసుకుని, "వెన్న వాసనొస్తోందమ్మా, ఇంకా పులవాల్సింది, తొందరపడి తీశావు," అన్నాడు. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. అప్పటినుంచి అతను చెప్పిందే ఆమెకి ఆఖరు మాట.

పోయిన మే నెలలో గాలిదుమారానికి ఈ వినగడప తోటలోనే కాయ రాలింది. బసవపున్నయ్య ఇంట్లో ఆ పచ్చికాయల్ని ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి ఒరుగులు చేశారు. అందులో ఒక బస్తా గిరిబాబు పూజితకి తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆమె వాటితో ఒక పుల్లటి బీరు కాచింది. పది రోజుల క్రితం రెండు గ్లాసులు ముందు పెట్టింది. ఒకటి బంగినపల్లి గుజ్జు వేసిన గోధుమ బీరు, ఒకటి ఇది. ఒరుగుల బీరు ఒక గుక్క తాగగానే గిరిబాబుకి ఒళ్ళు జలదరించింది. ఇలాంటిది అతను ఎక్కడా తాగలేదు. ఫెస్టివల్‌కి వెళ్ళవలసింది ఇదేనని ఆ క్షణమే తేల్చుకున్నాడు. తేల్చుకున్న మరుక్షణం, అలవాటు కొద్దీ, నాలుగు వంకలు పెట్టాడు. గోధుమ బీరుని మాత్రం "బ్రహ్మాండం" అన్నాడు.

పూజిత వినగడప మనిషి కాదు. అన్నమాట అన్నట్టే తీసుకుంది.

"హలో, గిరిబాబు గారూ?"

చెప్పడానికి నోరు తెరిచాడు. పక్కనే బసవపున్నయ్య వేపపుల్ల నములుతూ చెవులు రిక్కించి ఉన్నాడు. ఆయన ఒరుగులు, ఆయన తోట. కాపు బేరం ఇంకా తెగలేదు.

"అంత తొందరేముందమ్మా... ఇంకో నాలుగు రోజులు చూడరాదూ," అన్నాడు.

"చూసి ఏం చేస్తామండీ, మీరే బాలేదన్నాక? ఫెస్టివల్ లిస్టు ఇవాళ ఐదింటికి క్లోజ్ చేస్తారు. సరేనండి, ఉంటా."

"ఏంటి, ఒరుగులంటున్నావు?" అన్నాడు బసవపున్నయ్య.

"ఏం లేదు బాబాయ్. పురుగు పట్టినై అంటున్నారు."

"నా ఒరుగులకి పురుగా! ఎవడాడు?"

గిరిబాబు అప్పటికే గట్టు దాటుతున్నాడు.

తోట బయట కారులో ముజఫర్ ఫ్లాస్కులోంచి టీ ఒంపుకుంటున్నాడు. తిరువూరులో రెండు లారీలున్నాయతనికి. గిరిబాబు కాయలు ఎక్కడికి పోవాలన్నా అవే. ఇద్దరూ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. ముజఫర్ మందు ముట్టడు, వాసన కూడా గిట్టదు. కానీ గిరిబాబు తాగి కారు నడుపుతాడన్న భయంతో ఆరేళ్ళుగా ప్రతి పబ్బుకీ తనే నడుపుకుంటూ వెళ్ళి, నిమ్మసోడా తాగి వస్తున్నాడు.

"హైదరాబాద్ పోవాలి. ఇప్పుడే," అన్నాడు గిరిబాబు ఎక్కుతూ.

"భోజనం చేసి పోదాం."

"ఐదింటికల్లా ఉండాలి."

ముజఫర్ టైము చూశాడు. పదిన్నర. టీ కిందపోసి స్టార్ట్ చేశాడు.

కల్లూరు దాటేదాకా గిరిబాబు పూజితకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎత్తలేదు. ట్యాంకుల గదిలోకి వెళ్ళేటప్పుడు ఫోన్ బయట పెట్టేస్తుందని అతనికి తెలుసు. సీటు బెల్టు పెట్టుకున్నాడు, తీశాడు, అద్దం దించాడు, ఎక్కించాడు. ఖమ్మంలో సిగ్నల్ పడితే డ్యాష్‌బోర్డు మీద వేళ్ళతో దరువేశాడు.

"విషయం చెప్పు," అన్నాడు ముజఫర్. అంతా విన్నాక పకపకా నవ్వాడు.

"నవ్వుతావేంట్రా?"

"నవ్వక? నచ్చిన తోటకి వంక పెట్టావు, సరే. అక్కడ తోటెవరిదిరా, బేరమెవరితో? ఆ పిల్ల నీకేమన్నా అమ్ముతోందా? బాగుందా లేదా అనడిగింది. అంతే కదా?"

"నోటికి అదే వచ్చింది."

"మా అమ్మాయి తహమీనా పెళ్ళిలో బిర్యానీ తిని కూడా ఇలాగే అన్నావు. మసాలా ఎక్కువైందని. మూడుసార్లు వడ్డించుకుని మరీ. మావాళ్ళు తర్వాతి విందుకి వంటవాణ్ణి మార్చేశారు తెలుసా?"

"నిజమా?"

"వాడిప్పుడు సత్తుపల్లిలో చేస్తున్నాడు. నీ పుణ్యమే."

సూర్యాపేటలో ఆగలేదు. నకిరేకల్ దగ్గర ముజఫర్ అరటిపళ్ళు కొన్నాడు, గిరిబాబు తినలేదు. చౌటుప్పల్ దగ్గర రోడ్డుపని వల్ల ముప్పావుగంట పోయింది. అంతసేపూ గిరిబాబు కారు దిగి, ముందున్న బళ్ళు లెక్కపెట్టి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగాడు. ట్యాంకు అడుగున మూత తిప్పితే బీరంతా కాలువలోకి పోవడానికి ఎంతసేపు పడుతుంది? అతనికి తెలుసు, ఒకసారి చూశాడు. పావుగంట చాలు.

పబ్బులోకి వెళ్ళేసరికి నాలుగుంపావు. పూజిత రబ్బరు బూట్లతో, చేతిలో పైపుతో ఎదురొచ్చింది.

"గిరిబాబు గారూ! ఏంటి ఇలా వచ్చేశారు?"

"పారబోశావా?"

"ఇప్పుడే పైపు తగిలిస్తున్నా. ఎందుకండీ?"

గిరిబాబు ఊపిరి పీల్చుకుని, దారంతా అనుకున్న మాట చెప్పబోయాడు. నోరు తెరిస్తే వ్యాపారం వచ్చింది.

"పారబోసేదే కదా. ఆ ట్యాంకేదో నాకు ఇచ్చెయ్యమ్మా. ఎంతకో అంతకి తీసుకుంటా."

"ఎందుకు, బాలేనిది?"

"ఏదో... ఊరికే పోవడమెందుకని."

"మొత్తం మీరొక్కరే తాగుతారా?" అని నవ్వి, "అలా బయటికి ఇవ్వకూడదండి. ఐనా వద్దు. నాకూ దాన్ని చూడబుద్ధి కావట్లేదు," అంది. తల తిప్పుకుని మళ్ళీ అంది. "నిజం చెప్పనా? ఆ బీరు నాకు చాలా ఇష్టం. మీకు తప్పకుండా నచ్చుతుందనుకున్నా. మీరలా అన్నాక నాలుగు రోజులు ఆ ట్యాంకు దగ్గరికే పోలేదు. నా నాలుకే చెడిపోయిందనుకున్నా."

వెనక నిలబడ్డ ముజఫర్ గట్టిగా దగ్గాడు.

గిరిబాబు తన లెక్కలో ఈ పద్దు వేసుకోలేదు. బసవపున్నయ్య తోటని ఏమన్నా బసవపున్నయ్య నొచ్చుకోడు. అదొక ఆటని ఇద్దరికీ తెలుసు. ఈ పిల్లకి తెలియదు.

"అమ్మా," అన్నాడు, "ఆ బీరు..."

"ఊఁ?"

"ఆ బీరు బాగుంది."

పూజిత పైపు కింద పెట్టలేదు. "జాలిపడి అనకండి. పలచగా ఉందన్నారు కదా?"

"పలచగానే ఉండాలి. ఎండలో పనిచేసి వచ్చినవాడికి చిక్కటిది గొంతు దిగదు."

"నురగ నిలవదన్నారు."

"నురగతో పనేంటమ్మా, కడుపు నిండుతుందా?"

"ఉప్పు?"

"ఉప్పు లేకపోతే అది ఒరుగెట్లా అవుతుంది!" గొంతు పెరిగింది. పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు. "మొదటి గుక్కకి పళ్ళు పులుస్తాయి. రెండో గుక్కకి నోరూరుతుంది. మూడోదానికి, మధ్యాహ్నం పూట డాబా మీద ఎండే ముక్కల వాసన వస్తుంది. ఆ వగరు పోయాక కూడా నాలుక అంచున ఏదో మిగులుతుంది చూడు, దానికోసం మళ్ళీ తాగుతాం. ఆరేళ్ళలో నూటపద్దెనిమిది రకాలు రాసుకున్నా. ఊరెళ్ళాక మళ్ళీ తాగాలనిపించింది ఇదొక్కటే. నాకు నచ్చితే వంక పెడతానమ్మా. మా బజారు అలవాటు. గోధుమ బీరు బ్రహ్మాండమన్నానే, అదీ అంతే. తియ్యగా ఉంటుంది, తాగిన పావుగంటకి గుర్తుండదు."

అంతా అయ్యాక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ముజఫర్ అతని ముందుకి మంచినీళ్ళు జరిపాడు.

"పది రోజులండీ," అంది పూజిత. "పది రోజులు ఏడిపించారు." పైపు చుట్ట చుట్టి గోడకి తగిలించి, లాప్‌టాప్ తెచ్చింది. టైము నాలుగూ నలభై.

"మార్చాలంటే ఈ ఫారంలో ఈ బీరే ఎందుకో రాయాలి. ఇప్పుడు చెప్పినవే మళ్ళీ చెప్పండి, టైపు చేస్తా." చెప్పాడు. రెండోసారి కష్టమనిపించలేదు. "ఒరుగులు ఎవరి తోటవి? తోట పేరు, రైతు పేరు పెట్టాలి. బోర్డు మీద వేస్తారు, ఫోటో తీసి అన్నిచోట్లా పెడతారు."

గిరిబాబు చేతివేళ్ళు టేబుల్ మీద ఆగిపోయాయి. బోర్డు మీద పేరు పడితే ఆ ఫోటో ఎల్లుండి సాయంత్రానికల్లా గంపలగూడెం మండలమంతా తిరుగుతుంది. ఆ తర్వాత పురుగూ చౌడూ అంటే బసవపున్నయ్య మొహం మీదే నవ్వుతాడు. పక్క ఊరి పేరు చెబితే ఎవరు వచ్చి చూస్తారు?

"ఐదు నిమిషాలే ఉందండీ."

"వినగడప," అన్నాడు. "బసవపున్నయ్య గారి తోట."

ముజఫర్ జేబులోంచి అరటిపండు తీసి అతని చేతిలో పెట్టాడు. ఈసారి తిన్నాడు.

ఆదివారం ఫెస్టివల్ జరిగే మైదానంలో ఇరవైకి పైగా స్టాళ్ళు. వేరే ఏడాదైతే గిరిబాబు ఈపాటికి అన్నీ చుట్టి, నోట్‌బుక్కులో నాలుగు పేజీలు నింపేవాడు. ఈసారి పూజిత స్టాలు దాటి పోలేదు. వంక పెట్టినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. బాగుందన్నవాడు ప్రతి గ్లాసుకీ పూచీ పడ్డట్టే. ఎవరు కుళాయి దగ్గరికి వచ్చినా మెడ చాచి చూస్తున్నాడు. వాళ్ళు మొహం చిట్లిస్తే ఇతనికి చెమట పడుతోంది.

"కూర్చో, జనం భయపడుతున్నారు," అన్నాడు ముజఫర్.

ఇద్దరమ్మాయిలు తాగి, మళ్ళీ పోయించుకుని వెళ్ళారు. ఒక పెద్దాయన వాసన చూసి తలాడించాడు, మెచ్చుకున్నాడో లేదో తెలియలేదు. తర్వాత గడ్డం కుర్రవాడొకడు ఒక గుక్క తాగి, మొహం ముడిచి, నిండు గ్లాసు పీపా మీద పెట్టేసి కదిలాడు.

గిరిబాబు ఆగలేకపోయాడు. గ్లాసు తీసుకుని ఆ కుర్రవాడి వెంట గబగబా నడిచాడు.

"బాబూ, ఒక్క నిమిషం. రెండో గుక్క తాగి చూడు."

"చాలా పులుపు అంకుల్."

"మొదటి గుక్క అంతే. రెండోది తాగు. నచ్చకపోతే వదిలెయ్, నేనేమీ అనను."

కుర్రవాడు గ్లాసు వంకా, చెమటలు కక్కుతున్న ఆ మనిషి వంకా చూశాడు. "ఇది మీరు చేశారా?"

"లేదు బాబూ," అన్నాడు గిరిబాబు. "బాగుందని చెప్పింది నేను."

కుర్రవాడు గ్లాసు అందుకున్నాడు.