రంగేసిన క్యూబులు

ల్యాబు తలుపు తీయగానే ముని చూపు నీళ్ల తొట్టి మీద పడింది. తొట్టి ఖాళీ. అడుగున ఎండిపోయిన తెల్లటి చారలు తప్ప ఏమీ లేవు.

క్యూబులు బల్ల మీద ఉన్నాయి. వరసగా, నీలం రంగులో నిగనిగలాడుతున్నాయి. ఒక్కోదాని మీద తెల్ల అక్షరాలతో ఇద్దరి పేర్లు. పైన చిలక పేరు, కింద ముని పేరు.

వాళ్ల అసలు పేర్లు హాజరు పట్టీకే పరిమితం. నోరు విప్పడు కాబట్టి ఒకడు ముని, నోరు మూయడు కాబట్టి ఇంకొకడు చిలక. చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ. ముని అక్కాబావల దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. ఆ ఇంట్లో చిలక ఎవరూ పిలవకుండానే కంచం తీసుకుని కూర్చునేవాడు. అక్కను తనూ అక్కా అనే పిలిచేవాడు.

ప్రాజెక్టు కూడా ఇద్దరూ కలిసే తీసుకున్నారు. కంకరకు బదులు పగిలిన టైల్స్ ముక్కలు వేసి కాంక్రీటు క్యూబులు పోయాలి. అవి ఎంత బరువుకు పగులుతాయో యంత్రంలో పెట్టి చూపాలి. ముక్కలు ఏరడం, కొట్టడం, జల్లెడ పట్టడం, కలిపి అచ్చుల్లో పోయడం ముని పని. రిపోర్టు రాయడం, సారు ముందు మాట్లాడటం చిలక పని. ఇంతలో అక్కకు కాన్పు కష్టమై పక్క ఊరి ఆసుపత్రిలో చేర్చారు. ముని వెళ్లక తప్పలేదు.

"నాలుగు వారాలు నీళ్లలో నానితేనే గట్టిపడతాయిరా. తొట్టి ఎండకుండా చూడు, అంతే."

"నువ్వు అక్క సంగతి చూసుకోరా. వీటిని కన్నబిడ్డల్లా చూస్తా."

ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట, "బ్రహ్మాండంగా ఉన్నాయిరా!"

నాలుగు వారాలకు తిరిగొచ్చిన ముని, చిలక ఎదుటే ఒక క్యూబు ఎత్తి చూశాడు. తేలిగ్గా, పొడిగా ఉంది.

"నీళ్లలోంచి ఎప్పుడు తీశావు?"

"నువ్వెళ్లిన రెండోరోజే. తడి మీద రంగు పట్టి చావదు కదా! మూడు పూతలు వేశాను, చూడు ఎలా మెరుస్తున్నాయో."

"ఇవి పెళ్లికూతుళ్లట్రా ముస్తాబు చేయడానికి? నానబెట్టమంటే ఆరబెడతావా?"

"అబ్బా, ఊరుకోరా. గట్టిగానే ఉన్నాయి. కావాలంటే నెత్తి మీద కొట్టుకో."

ముని పళ్లు నూరాడు. కిందటేడు జ్వరంతో రెండు పరీక్షలు పోగొట్టుకున్నాడు. ఈసారి ఇంకొకటి పోతే ఏడాది మొత్తం పోయినట్టే. బావ తెగేసి చెప్పాడు: "ఇంకోసారి తప్పావంటే చదువుకో దండం పెట్టి వచ్చి నా టైర్ల షాపులో కూర్చో. పంక్చరు వేయడానికి డిగ్రీ అక్కర్లేదు."

సారు వచ్చాడు. మొదటి క్యూబు యంత్రంలో పెట్టారు. బరువు చూపే ముల్లు సగం దూరం కూడా వెళ్లకముందే నీలం పెచ్చు ఎగిరి నేల మీద పడింది. క్యూబు మూలలు రాలి, నడుము విరిగి కూలబడింది. రెండోదీ అంతే. మూడోది ఇంకా ముందే పోయింది.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు సారు.

చిలక ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువైనట్టున్నాయి సార్. ఆ పని వీడిది. నేను అప్పటికీ చెప్పాను."

మునికి అరికాలి మంట నెత్తికెక్కింది. తెలివితక్కువ పని ఎవడైనా చేస్తాడు. దానికి నాలుగు తిట్టి ఊరుకునేవాడు. కానీ ఇది తెలివితక్కువ కాదు. ఇది కళ్ల ముందే గొంతు కోయడం.

"రెండోరోజుకే నీళ్లలోంచి తీసేశాడు సార్," అన్నాడు. "రంగు వేయడానికి."

సారు విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని వేలితో గీశాడు. పొడి రాలింది. చిలక వైపు చూశాడు.

"చివరి పరీక్ష తర్వాత నెల గడువిస్తాను," అన్నాడు సారు. "ఇద్దరూ కలిసి మళ్లీ పోసి తెండి, మార్కులు తగ్గించి పాస్ చేస్తాను. విడిపోతామంటారా, ఎవరి క్యూబులు వాళ్లవే. రాయడం, మాట్లాడటం కూడా ఎవరిది వాళ్లదే."

నలుగురి ముందు నిలబడితే ముని నాలుక పిడచకట్టుకుపోతుంది. ఆ సంగతి సారుకు తెలుసు, చిలకకు ఇంకా బాగా తెలుసు. అందుకే చిలక మొహం తేటపడింది.

"కలిసే చేస్తాం సార్."

"విడిగా," అన్నాడు ముని.

పరీక్షలయ్యాయి. ల్యాబు వెనక కుళాయి దగ్గర ముని ఇసుక తొట్టి ఈడుస్తుంటే చిలక వచ్చి దాని రెండో పిడి పట్టుకున్నాడు. ముని వెంటనే తన వైపు వదిలేశాడు. ఇసుక ఒలికింది.

"ఒక్క మాట జారానురా. సారు ముందు భయమేసింది. దానికింత పంతమా? నువ్వు మాట్లాడలేవు, నేను కలపలేను. ఇద్దరం మునుగుతాం."

"మునిగితే టైర్ల షాపుంది నాకు. నువ్వు వెళ్లు."

"అక్కకు చెప్తా నీ సంగతి."

"చెప్పుకో."

ముని ఒలికిన ఇసుక చేతులతో ఎత్తుకున్నాడు, తల మాత్రం ఎత్తలేదు.

ఈసారి ముని క్యూబులు బరువుకు నిలిచాయి. నోరే పెగల్లేదు. సారు అడిగిన వాటిలో సగానికే జవాబు చెప్పాడు. అయినా బొటాబొటి మార్కులతో గట్టెక్కాడు. చిలక పోసినవి అచ్చుల్లోంచి తీస్తుంటేనే విరిగాయి. వాడికి ఏడాది పోయింది.

ఆ సాయంత్రం అక్క పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. "వాడు వాకిట్లో నిలబడ్డాడురా. మొహం పీక్కుపోయింది. పోనీలే, లోపలికి రమ్మననా?"

"నీ తమ్ముడనుకుంటే పిలువు, కడుపునిండా పెట్టు," అన్నాడు ముని. "నా నేస్తమనైతే పిలవకు."

కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లి, తలుపు మూసుకుని తిన్నాడు.