నలభైలో అయిదేళ్లు

సాయంత్రం సన్మానం పెద్దాయనకి, పొద్దుటి నుంచి హడావుడి ఆవిడకి. ఊరందరికీ ఆయన పెద్దాయన. ఆవిడ పెద్దాయన గారి భార్య. ఇవాళ ఆయన కొత్త ప్యాంటు రెండంగుళాలు పొడుగొచ్చిన పాపానికి దర్జీ కూడా. అంచు మడిచి కుడదామని కూర్చుంటే సూదిలోకి దారం ఎక్కదు. ఎక్కిందనుకునేసరికి ఫోను మోగుతుంది. లేస్తుంది, కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది.

"ఇదిగో, ఇది కాస్త చూడు. తప్పులు పట్టడం నీకు బాగా వచ్చుగా!" అంటూ ఆయన నాలుగు కాగితాలు ఆవిడ ఒళ్లో పడేసి గడ్డం గీసుకోవడానికి వెళ్లాడు. సభలో పంచబోయే పుస్తకం ప్రూఫు అది. ప్రెస్సు నడిపే అమ్మాయి ముందుగదిలోనే కూర్చుంది, గంటలో అచ్చుకి వెళ్లాలట.

ఆవిడ ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. మొదటి పేజీలోనే చూపు ఆగిపోయింది. 'నలభై ఏళ్ల నిర్విరామ ప్రజాసేవ.' అక్షరాలన్నీ ఒప్పే. మాటే తప్పు.

నలభై ఎక్కడివి? మధ్యలో ఒకసారి, ఆయన కౌన్సిలర్‌గా గెలుస్తూ వచ్చిన వార్డుని ఆడవాళ్లకి కేటాయిస్తే నిలబడింది ఎవరు, గెలిచింది ఎవరు, నలుగురి ముందు ప్రమాణం చేసింది ఎవరు? అప్పుడు ఆయన ఎంత తేలిగ్గా అన్నాడు! "బడి మానెయ్. పేరు నీది, పని నాది. కుర్చీ మనింట్లోనే ఉంటుంది, అంతేగా!" పన్నెండేళ్ల ఉద్యోగం ఒక్క కాగితంతో పోయింది. అయిదేళ్లూ కాగానే ఆయన కుర్చీ ఆయనకి వచ్చింది, ఆవిడ వంటిల్లు ఆవిడకి వచ్చింది, బడి మాత్రం తిరిగి రాలేదు. అడిగితే "ఈ వయసులో ఇంకా చాక్‌పీసులేంటి!" అని నవ్వాడు. అప్పటికి ఆవిడకి నిండా నలభై లేవు.

పోనీలే అనుకుని పేజీ తిప్పింది. తిప్పకుండా ఉంటే బాగుండేది. 'తెల్లవారుజామున నాలుగింటికి వచ్చే కుళాయి నీళ్లను ఆరింటికి మార్పించి, తల్లుల కష్టం తీర్చిన దయామయుడు.'

ఒళ్లు మండిపోయింది. దయామయుడట! ఆ పని కోసం నీళ్ల ఇంజనీరు ఆఫీసు చుట్టూ నెల్లాళ్లు తిరిగింది తను. "మేడమ్, ఒకసారి సార్‌తో మాట్లాడించండి" అని ఆ ఇంజనీరు దాటేస్తూ ఉంటే, "సార్ కౌన్సిలర్ కాదండీ, నేను" అని బల్ల ముందు నుంచి కదలకుండా నిలబడింది తను. మార్పు వచ్చిన రోజు ఇంట్లో పండగేం జరగలేదు. "నన్నడక్కుండా ఇంజనీరు దగ్గరికి వెళ్తావా? బయట నా పరువేం కాను?" అని ఆయన ఎనిమిది రోజులు మాట్లాడలేదు. "వాడి కుర్చీలో నాలుగు రోజులు కూర్చోమంటే కాళ్లు కూడా జాపుకుంటావేమే?" అంది అత్తగారు. ఆవిడ ఆ మాట విని అన్నం వడ్డించింది. ఇన్నేళ్లు నోరు మూసుకున్నందుకు ఇప్పుడు తన మీద తనకే కోపం వచ్చింది.

కాగితాలు పట్టుకుని ముందుగదిలోకి వెళ్లింది. మళ్లీ లోపలికి వచ్చింది. ఈ వయసులో ఎందుకీ రభస? సాయంత్రం నవ్వుతూ ముందు వరసలో కూర్చుంటే పోలేదూ? కూర్చోగలదా? కూర్చోలేదు. మళ్లీ వెళ్లింది.

"తప్పులున్నాయా మేడమ్?" అని ప్రెస్సు అమ్మాయి లేచింది. "ఆ నీళ్ల సంగతి టైపు చేస్తుంటే ఏడుపొచ్చిందండీ. చిన్నప్పుడు మా అమ్మ నన్ను నాలుగింటికి లేపి లైన్లో నిలబెట్టేది. క్లాసులో నిద్రపోయి దెబ్బలు తినేదాన్ని. సార్ చల్లగా ఉండాలని మా అమ్మ ఇప్పటికీ అంటుంది."

"సార్ కాదమ్మా" అంది ఆవిడ. "నేను."

ఆ అమ్మాయి చూస్తూ ఉండగానే ఆవిడ పెన్ను తీసుకుని నలభై కొట్టేసి ముప్పై అయిదు అని రాసింది. నీళ్ల పేరా మొత్తం అడ్డంగా కొట్టేసింది.

"ఏంటీ, అంత సేపు?" అంటూ ఒక చెంప మీద నురగతోనే వచ్చాడు పెద్దాయన. కాగితం చూసి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మతి పోయిందా నీకు? బ్యానర్లు కట్టేశారు! నలభై ఏళ్లని పిలిస్తే అందరూ వస్తున్నారు. ముప్పై అయిదంటే ఎవడొస్తాడు? అయినా ఆ అయిదేళ్లూ నువ్వేం వెలగబెట్టావని? సంతకాలేగా!"

"నీళ్లు?"

ఆయన గొంతు తగ్గించాడు. "అబ్బా, ఇంట్లో వాళ్లం మనకి నీదీ నాదీ ఏంటే? సరే, సాయంత్రం నీకూ ఒక బొకే ఇప్పిస్తాలే. అమ్మాయ్, నువ్వు నలభై వేసెయ్."

ప్రెస్సు అమ్మాయి కాగితం ముట్టుకోలేదు. ఆవిడ వైపే చూస్తోంది.

"అలాగే, నలభయ్యే వెయ్యమ్మా" అంది ఆవిడ. "పైన ఇద్దరి పేర్లూ వెయ్యి. ఈయన ఒక్కరి పేరే కావాలంటే ముప్పై అయిదు. ఏవండీ, ఏది వెయ్యమంటారో చెప్పండి, ఆ పిల్లకి ఆలస్యమవుతోంది."

ముప్పై అయిదేళ్ల ప్రజాజీవితంలో ఏ సభలోనూ మాటకి తడుముకోని మనిషి, చెంప మీద నురగ తుడుచుకోవడానికి తువ్వాలు కోసం భుజం తడుముకున్నాడు.