మీరా అడిగిన బ్యాకప్

నేను ఒక బ్యాటరీని. ఇన్వర్టరుకు కట్టేసిన గొడ్డులాంటిదాన్ని. కరెంటు ఉన్నంతసేపు మేస్తాను, పోయినప్పుడు కాడి మోస్తాను. మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోస్తే చాలు, ఇంకేమీ అడగను. ఎక్కడో ఫ్యాక్టరీలో సీసమూ యాసిడూ నింపుకుని పుట్టి, షాపులో ఏడు నెలలు దుమ్ము తిని, గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి చేరాను. నన్ను పొరపాటున కొన్నారు. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. నాకూ, నాగుల్ మీరాకూ.

మీరా అక్కడ కంప్యూటరు చూసేవాడు. రైతుల మిర్చి బస్తాలు ముప్పైవేలు లోపల చలిలో ఉంటాయి. అన్నీ ఒకే రకం గోనెలు. ఎవరి బస్తా ఏ గదిలో, ఎన్నో వరుసలో ఉందో చెప్పగలిగేది ఆ కంప్యూటరు ఒక్కటే. పుస్తకాల్లో రాయడం యజమాని పిచ్చేశ్వరరావు గారు ఎప్పుడో మాన్పించారు.

ఒకనాడు మీరా ఆయన ముందు నిలబడి, "సార్, మనకు బ్యాకప్ లేదు. స్టోరేజీ ఫెయిలయ్యేట్టుంది" అన్నాడు.

ఆయన కుర్చీ తన్నేసి కంప్రెసర్ల గదికి పరుగెత్తారు. మీటర్లన్నీ చూసి, రొప్పుకుంటూ తిరిగొచ్చారు. "లోపల చలికి పళ్లు కొట్టుకుంటంటే ఫెయిలంటావేందయ్యా! గుండె ఆగినంత పనైంది."

మీరా "అది కాదు సార్, డేటా రిడండెన్సీ..." అని ఏదో అందుకున్నాడు. ఆ మాట నాకే ఇప్పటికీ తెలియదు, ఆయనకేం తెలుస్తుంది? బ్యాకప్ అన్న ముక్క మాత్రం ఆయన చెవిలో నిలిచింది. మర్నాడే నేను ఆటోలో దిగాను.

"ఇదిగో, నాలుగు గంటల బ్యాకప్. ఇంక ఏడవమాక."

పాలకు ఆవునడిగితే దున్నపోతును తోలుకొచ్చినట్టు మీరా నావంక చూశాడు. అతనికి కావలసింది కంప్యూటర్లో ఉన్నదానికి నకలు దాచే డిస్కు.

కంప్యూటరు లోపలి డిస్కు అప్పటికే టిక్కుమంటోంది. మొదట పూటకోసారి. రెండో వేసవికి, ముసలివాడి దగ్గులా, తెరిపి లేకుండా. పక్కనే కూర్చుని వింటున్నదాన్ని నేను. చెబుదామంటే నోరు లేదు. నోరున్నవాడి మాట ఎక్కడం లేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం మీరా తన సొంత డిస్కు తెచ్చి నకలు మొదలుపెట్టాడు. సగమన్నా కాకముందే కరెంటు పోయింది. జనరేటరు చలి గదులకే, ఆఫీసుకు నేనున్నానుగా! ఫ్యాను, లైట్లు, కంప్యూటరు, అన్నీ నామీద పడ్డాయి. అంత సత్తువ నాలో మిగల్లేదు. ఇన్వర్టరు కీచుమంది.

"సార్, ఫ్యానాపాలి."

"ఈ ఎండలోనా? మతుండే అంటన్నావా?"

"ఈ కంప్యూటరు ఇప్పుడాగితే మళ్లీ లేవదు సార్. ఏ బస్తా ఎవరిదో దేవుడిక్కూడా తెలవదు. రేపు రైతులొస్తే ముప్పైవేలూ బయటేసి, మీయేయో ఏరుకోండనాల."

ఆయన మొహం పాలిపోయింది. "ఈ ముక్క ముందే చెప్పి చావలేకపోయావా?"

"చెప్తానే ఉన్నా గదా సార్!"

చెప్పాడన్నదీ నిజమే, చెప్పలేదన్నదీ నిజమే. పిచ్చేశ్వరరావు గారే లేచి ఫ్యాను, లైట్లు ఆపేశారు. చొక్కాలు వీపులకు అంటుకుపోతుంటే ఇద్దరూ నకలు నూటికి ఎంతయిందో చూపే తెరమీది అంకెను చూస్తూ కూర్చున్నారు. ఎనభై. ఎనభై నాలుగు. డిస్కు దగ్గినప్పుడల్లా మీరా ఊపిరి బిగబట్టేవాడు. ఇంత అడుగంటా ఖాళీ అయితే నా జాతి మళ్లీ కోలుకోదు. తెలిసే మోశాను.

నూరు పడింది. మీరా తన డిస్కు పీకి రెండు చేతులా పట్టుకున్నాడు. అంతలోనే తెర నల్లబడింది.

పిచ్చేశ్వరరావు గారు వచ్చి నా నెత్తిన చెయ్యేశారు. "చూశావా? ఇది లేకపోతే మునిగేవాళ్లం! ఇట్టాంటియి ఇంకో రెండు తెప్పించు."

"డిస్కులు గూడా రెండు సార్..."

"నీ దగ్గరుందిగా! దాన్నే బిగించెయ్."

వారం తిరక్కుండా నన్ను పాత సామాన్ల కొట్టుకు తోలారు. సీసం కరిగిస్తారట, కరిగించనీ. నా దిగులు వేరు. ఆ మధ్యాహ్నం నేను చేతులెత్తేసి ఉంటే ఆయనకు జన్మలో మరవని పాఠం అయ్యేది, కానీ మునిగేది రైతులు. మోశాను కాబట్టి ఎవరూ మునగలేదు, ఎవరికీ అర్థమూ కాలేదు. నేను వచ్చేసేసరికి మీరా నకలు కంప్యూటర్లో కూర్చుని అసలైపోయింది. దానికి నకలు లేదు.