ఇసుకలో కొలిచిన రనప్పు

విశాఖపట్నం పాతబస్తీలో నాది టైలరింగు షాపు, అందరూ సాయిబు అంటారు. మా వీధి క్రికెట్ జట్టుకి వికెట్ కీపర్ని కూడా నేనే. రెండు పనుల్లోనూ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. 1979లో నా నోటి దురుసుకి ఎక్కువగా బలైనవాడు ఎల్లారావు.

ఎల్లారావుకి ఇరవై రెండేళ్లు, జాలరి. వాడు బౌలింగు చేస్తుంటే చూడాలి! చిన్నప్పటి నుంచీ వల విసిరిన చెయ్యి, చెవిని రాసుకుంటూ పైనుంచి దిగేది. వాడి బంతులు పట్టిన రోజు నా అరచెయ్యి మండిపోయి సాయంత్రం దాకా సూది పట్టుకోలేకపోయేవాణ్ణి. అయినా ఆ మంటంటే నాకెంత ఇష్టమో చెప్పలేను.

ఆ ఆదివారం పోర్టు జట్టుకి సెలక్షను. ఎంపికైతే ఉద్యోగం. లేకపోతే సోమవారమే మేనమామ బోటెక్కి చేపలవేటకి పారాదీప్ పోవాలని ఇంట్లో తేల్చేశారు. పోతే ఇక వాడి చేతిలో బంతి ఉండదు.

మాకు గ్రౌండు లేదు. ప్రాక్టీసంతా ఒడ్డున, ఇసుకలోనే. పదిహేను అంగలు సమంగా పడేదాకా వాణ్ణి పరుగెత్తించి, ఆ రనప్పుని, అంటే బంతి వేసే ముందు తీసే పరుగుని, షాపు టేపుతో నేనే కొలిచాను. సరిగ్గా అరవై అడుగులు. కాలూ చెయ్యీ అంత చక్కగా కలిసి రావడం నేనెక్కడా చూడలేదు.

సెలక్షను ముందురోజు సెలక్షను గ్రౌండులోనే ఒక పూట ఆడుకోనిచ్చారు. గట్టి నేల. అదే టేపు పరిచి, అదే అరవై అడుగులు కొలిచి సుద్దగీత గీశాను. మొదటి బంతి నోబాల్. రెండోదీ, మూడోదీ అంతే. కాలు క్రీజు దాటి పడుతోంది. నాలుగో బంతికి చివర్లో అంగలు కుదించుకోబోయాడు, దాంతో చెయ్యి ఆలస్యమై బంతి నా తల మీదుగా పోయింది.

తప్పంతా చేతిలోనే ఉందనుకున్నాను. ఇంకాస్త ముందే తిప్పమన్నాను. ఎడమ చెయ్యి పైకెత్తమన్నాను. భుజం బిగించమన్నాను. నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, వాడు అన్నీ చేశాడు. నేను అంత ముచ్చటపడ్డ చెయ్యి గంటలో కర్రలా బిగుసుకుపోయింది. నా టేపు మీద మాత్రం నాకు అనుమానం రాలేదు.

వాడి తల్లి అప్పాయమ్మ సీతమ్మధారలో చేపలమ్ముకుని తిరిగి వస్తూ, నెత్తిన ఖాళీ గంపతో గ్రౌండు అంచున ఆగింది. కొడుకు ఆట చూడటం ఆవిడకదే మొదలు. చాలాసేపు చూసి, గంప దింపి నా దగ్గరకొచ్చింది.

"సాయిబు బాబూ, ఆడి సెయ్యి సూత్తన్నావు గానీ కాలు సూడ్డం లేదు. ఇసకలో కాలు దిగిపోద్ది, అడుగు సిన్నదైపోద్ది. గట్టి నేల మీద అడుగు దానికదే సాగిపోద్ది. నాను రోజూ రోడ్డెక్కగానే అడుగు కుదించుకుంతాను, లేపోతే గంప ఊగిపోద్ది."

కుదించుకోమని నేను ఎల్లారావుకి చెప్పబోతే ఆవిడ అడ్డుపడింది.

"ఆడి నెత్తి మీద గంప నేదు గదా, ఎందుకు కుదించడం? గీత కాడ నించి ఎనక్కి పరిగెట్టించు. పదిహేనో అడుగు ఎక్కడ పడితే అక్కడ గుర్తెట్టు."

ఎల్లారావు క్రీజు దగ్గర నిలబడి, వికెట్లకి వీపు పెట్టి పదిహేను అంగలు పరుగెత్తి ఆగాడు. గంప కింద పెట్టుకునే గుడ్డ కుదురు తీసి ఆవిడ అక్కడ పెట్టింది. నా సుద్దగీతకి బాగా వెనక పడింది. చేతి సంగతి మరిచిపొమ్మని వాడికి చెప్పి, నోరు మూసుకుని వికెట్ల వెనక కూర్చున్నాను.

వాడు ఆ కుదురు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. మడమ క్రీజు లోపలే పడింది. చెయ్యి మళ్లీ చెవిని రాసుకుంటూ దిగింది, ఎవరూ చెప్పకుండానే. నా అరచెయ్యి భగ్గుమంది. సిగ్గుతోనో సంతోషంతోనో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆదివారం అప్పాయమ్మ చేపల గంపతోనే గ్రౌండుకొచ్చింది. ఆ రోజు కూడా అలాగే వెనక్కి పరుగెత్తించి, ఆవిడ కుదురుతోనే గుర్తు పెట్టుకున్నాం. గ్రౌండులో గుడ్డ కుదురు చూసి ఎవరో నవ్వారు. మూడో బంతికి మధ్య వికెట్టు ఎగిరి నా పక్కన పడ్డాక ఆ నవ్వు ఆగిపోయింది. నాలుగు ఓవర్లలో ఒక్క నోబాల్ లేదు. ఎల్లారావు పేరు రాసుకున్నారు.

పెద్ద సెలక్టరు నన్ను పిలిచి, ఇంత కుదురైన రనప్పు ఎన్ని అడుగులకి పెట్టావని అడిగారు. టేపు నా మెడలోనే వేలాడుతోంది.

"కొలవలేదు సార్" అన్నాను. జానెడు గుడ్డ కూడా కొలవకుండా కోయనివాణ్ణి.

మరి కోచ్ ఎవరని అడిగారు. చెయ్యెత్తి చూపించాను. సీతమ్మధారలో ఇంకా చేపలమ్మాలి కాబట్టి, అప్పాయమ్మ కుదురు తీసుకుని, దుమ్ము దులిపి, నెత్తిన పెట్టుకుంటోంది. పోర్టు జట్టు బౌలరు వంగి ఆవిడకి గంప ఎత్తుతున్నాడు.