తిరిగొచ్చిన కుర్చీలు

మొదట్లో నా గోడౌనులో ఖాళీగా ఉన్నవి నలభై కుర్చీలు. కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం నాది. మా వదిన ఫ్యామిలీ డాక్టరు. ఆవిడ క్లినిక్కులో ముగ్గురు కొత్త డాక్టర్లకు శిక్షణ మొదలైన రోజున జనం చోటు చాలక మెట్ల మీద చతికిలబడుతుంటే, ఆ నలభై అక్కడికి తోలాను.

రెండేళ్లలో ఇరవై రెండు తిరిగొచ్చాయి. ఖాళీగా పడి ఉన్నాయని వదినే పంపేసింది. కుర్చీ ఖాళీ అయిందంటే బేరం పడిపోయిందని మా వ్యాపారంలో లెక్క. నాకు దిగులు పట్టుకుంది.

శిక్షణ ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి వచ్చిన అధికారిణిదీ అదే లెక్క. రోజుకు నూట ఇరవై మంది వచ్చేచోట ఇప్పుడు డెబ్బై మందే. ఆవిడ కాదంటే శిక్షణకు రావలసిన మరో ముగ్గురు డాక్టర్లు రారు. తల్లి షుగరు, కొడుకు దగ్గు, తాత మోకాలు ఒక్క రాకలోనే చూసి పంపిస్తున్నారని, మళ్లీ మళ్లీ తిరగాల్సిన పని జనానికి తప్పిందని వదిన చెప్పుకొచ్చింది.

"తగ్గినవాళ్లు పెద్దాసుపత్రికి పోవట్లేదని ఏంటి నమ్మకం, డాక్టరుగారూ?" అంది అధికారిణి.

మిగిలిన కుర్చీలు చూసుకుందామని నేనూ అక్కడికి వెళ్లాను. దానికి జవాబు నా జేబులో ఉంది. పెద్దాసుపత్రి అత్యవసర విభాగం బయట ఏటా అరవై కుర్చీలు నావే. ఈ ఏడు ముప్పై చాలని, మిగతావి తీసుకుపొమ్మని ఉత్తరం రాశారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వదిన నోట్లో పడితే ఏడాదంతా నానాల్సిందే. అయినా తీసి ఇచ్చాను.

"కూర్చునేవాళ్లు తగ్గారని వాళ్లే రాశారమ్మా. జనం ఇక్కడా లేరు, అక్కడా లేరు. హాయిగా ఇళ్లలో ఉన్నారు."

అధికారిణి ఉత్తరం రెండుసార్లు చదివి, నకలు అడిగింది. రోజువారీ సంఖ్య రాసిన గడిని కొట్టేసి, పక్కన పెద్దాసుపత్రి మాట రాసుకుంది. వదిన మాత్రం తేదీ చూసింది.

"వారం నుంచీ మొహం వేలాడేసుకుంది ఇందుకా మరిదీ? బీపీ చూస్తానంటే తప్పించుకు తిరిగావు. అదేననుకుని నీ కూరలో ఉప్పు తగ్గించేశాను."

శిక్షణ నిలిచింది. మరుసటి నెలలో ముగ్గురు దిగారు. వాళ్లకు మూడు కుర్చీలు పంపగా, గోడౌనులో నలభై తొమ్మిది ఖాళీగా ఉన్నాయి. లాభం కింద ముగ్గురు డాక్టర్లు, నా కూరలో మళ్లీ ఉప్పు.