పీచ్ పళ్ళ తద్దినం

అటక మీంచి పెద్ద గిన్నె దించి ఎద్దు ఎముకలు మరగబెట్టడం మొదలుపెట్టగానే మా ఆయన మొహం మాడిపోయింది. మా అందోంగ్ ఊళ్ళో ఏ మొగుడికైనా ఆ వాసన అర్థమవుతుంది. పెళ్ళాం ఊరెళ్తోంది. తిరిగొచ్చేదాకా పూటపూటా ఇదే పులుసు.

"ఎన్నాళ్ళు?" అన్నాడు కిసోక్.

"నెల. గుమ్‌జా, హ్యాంగ్‌మితో. మంగోలియా."

"ముగ్గురు ముసలమ్మలు, వీపున మూటలు! మీకు కొండలెందుకే? మన మేడమెట్లు చాలవూ?" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. "సరే, వెళ్ళు. నాన్న తద్దినానికి ముందురోజు మాత్రం ఈ వంటింట్లో ఉండాలి. ఈసారి చినతాత వస్తున్నాడు. వంశం పెద్దరికం నాకివ్వాలా వద్దా అన్నది ఆ పూటే తేలుస్తాడట."

తలూపాను. తిరుగు టికెట్ తద్దినం దాటాకే తీసుకున్నానని చెప్పలేదు.

మంగోలియాలో మూడు వారాలు నడిచాం. నడుస్తుంటే గడ్డి నేల ఆకాశం దాకా పరుచుకుని ఉండేది. ఎక్కడా గుమ్మం లేదు, గుమ్మం అవతల నుంచి కేకేసే మనిషి లేడు. మొదటి వారం నిద్రలేవగానే చేతులు వాటంతటవే బియ్యం డబ్బా కోసం వెతికేవి. రెండో వారానికి ఆ వెతుకులాట పోయింది, దాని చోట కోపం వచ్చింది. మూట బరువెక్కినకొద్దీ నాకు మా వంటిల్లే గుర్తొచ్చేది. పెళ్ళైన తొలి ఏడాది, ఏడో నెల కడుపుతో తద్దినానికి వండుతూ అడవికూరలో అలవాటుకొద్దీ వెల్లుల్లి వేశాను. చనిపోయినవాళ్ళకి వెల్లుల్లి పెట్టకూడదు. మా ఆయన రుచి చూసి, ముసలాళ్ళందరి ముందూ గిన్నె ఎత్తి చూపించాడు. "మా నాన్నకి ముక్కు లేదనుకుందేమో మా ఆవిడ!" అన్నాడు. అందరూ నవ్వారు. అన్నీ పారబోసి మళ్ళీ మొదట్నుంచీ వండాను. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టలేదు. అప్పట్నుంచి ఏటా, మొదటి గ్లాసు సారాకి ఆ కథే నంజుడు. పీఠం ముందు చదివే విన్నపంలో "భక్తితో వండి సమర్పిస్తున్నాను" అని ఒక ముక్క ఉంటుంది. చదివేది ఆయన. వండినట్టు వినిపించే పేరూ ఆయనదే. తలుపు వెనక గరిటె పట్టుకుని నిలబడే నాకు ఆ విన్నపంలో చోటు లేదు.

తద్దినం రోజు పొద్దున్నే ఫోన్ మోగింది.

"జిన్హో వాళ్ళమ్మా, ఎక్కడ చచ్చావ్? నిన్ననే రావాల్సింది!"

"ఖువ్స్‌గుల్ సరస్సు దగ్గర ఉన్నాను. ఇవాళ రావడం లేదు."

ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నువ్వు రాకపోతే మా నాన్నకి అన్నం పుట్టదనుకున్నావా? దుకాణానికి ఫోన్ కొడితే తద్దినం భోజనం గుమ్మంలోకొస్తుంది."

పక్కనే గుమ్‌జా సాక్సు ఆరేస్తూ నావైపు తిరిగి, "తద్దినం కొని తెచ్చుకోవడమంటే ఇదేనే పిల్‌రే," అంది. ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం.

సాయంత్రం ఎండ సరస్సు మీద ఇంకా మెరుస్తూనే ఉంది. మళ్ళీ ఫోన్. ఈసారి వీడియో. కొత్త పట్టు అంగీ తొడుక్కుని మొహమంతా గెలుపుతో మా ఆయన.

"చూడు, కళ్ళు తెరుచుకుని చూడు. నువ్వు ఏటా మూడు రోజులు మూలుగుతూ చేసే పని ఇదీ! ఒక్క ఫోన్‌తో అయిపోయింది." ఫోన్ పీఠం మీదికి తిప్పాడు. అన్నం, పులుసు, అట్లు, ఎండుచేప. అన్నీ దుకాణంవాళ్ళే వరసలో పేర్చి వెళ్ళినట్టున్నారు. "పళ్ళు మాత్రం నేనే ఎంచి తెచ్చాను. ఎప్పుడూ నువ్వు పెట్టే ఆపిళ్ళేనా? నాన్నకి ఇవంటే ప్రాణం."

ముందు వరస నడిమధ్యలో గోపురంలా పేర్చి ఉన్నాయి, గులాబీరంగు పీచ్ పళ్ళు.

గుమ్‌జా నా మోచెయ్యి గిల్లింది. హ్యాంగ్‌మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పీచ్ చెట్టంటే దయ్యాలకు హడల్. ఆ పండు ఇంట్లో ఉంటే పితృదేవతలు గుమ్మం దాటి లోపలికి రారు. కొత్తకోడలికి అత్తగారు మొట్టమొదట చెప్పే మాట అది. కొడుకులకి ఎవరూ చెప్పరు. వాళ్ళకెందుకు? ఇన్నేళ్ళు ఆ పీఠం ముందు వంగి వంగి దణ్ణాలు పెట్టిన మనిషి అక్కడ ఏ పండు ఎప్పుడూ ఉండదో ఒక్కసారీ గమనించలేదు. అది గమనించాలంటే ఏముందో ముందు చూసి ఉండాలి.

వాకిట్లో చెప్పుల చప్పుడు. ముసలాళ్ళు వచ్చేశారు. "చినతాతా, లోపలికి రండి!" అని అరిచి, వాళ్ళకి వినపడేలా ఫోన్‌లోకి అన్నాడు, "ఏమే, తప్పేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. భయపడకు, వెల్లుల్లి మాత్రం వెయ్యలేదులే!"

వెనక నుంచి అదే నవ్వు. అవే గొంతులు, కాస్త ముసలివి.

ఒక్క మాట అంటే చాలు. ఆ పళ్ళు తీసెయ్యండి అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తప్పు దిద్దడం నా నాలుకకి అంతగా అలవాటైపోయింది.

"చాలా బాగుంది," అన్నాను. "పళ్ళ పళ్ళెం ఇంకాస్త ముందుకి జరపండి. మావయ్యగారి ఫోటోకి ఎదురుగా."

జరిపాడు. జరుపుతుండగా చూసి ఫోన్ పెట్టేశాను.

సరస్సు నీళ్ళతో టీ కాచుకుని తాగుతుండగా మళ్ళీ మోగింది. వీడియో లేదు. గొంతు మాత్రమే, గుసగుసగా.

"విన్నపం చదువుతుండగా పళ్ళు చూసి చినతాత కర్ర తీసుకుని లేచాడే. సొంత తండ్రిని గుమ్మంలోంచి తరిమేసినవాడికి వంశం పెద్దరికమా అన్నాడు. అందరి ముందూ. నీకు తెలుసు! తెలిసీ చెప్పలేదు!"

"తెలుసు. వండి సమర్పించింది ఎవరని చదివారు విన్నపంలో?"

ఆయన మాట మార్చాడు.

"నాన్న ముట్టని భోజనం పెద్దాళ్ళూ ముట్టరట, ఆకలిమీద ఉన్నారు. ఏం పెట్టనే?" ఏడుపొక్కటే తక్కువ.

"ఫ్రీజర్‌లో ఎముకల పులుసు ఇంకా ఉంటుంది. వెచ్చబెట్టి పెట్టండి," అన్నాను. "వెల్లుల్లి దండిగా వేశాను."