చన్నీళ్ల కుళాయి

ఒనొదెరా కెంజో కూతురు చిజురు పెళ్లాడతానన్న కుర్రాడి పేరు తొమొహిదె. ఒకినావావాడు. అక్కడి వేడికి షవర్ కింద నిలబడి వచ్చేయడమే తప్ప, ఎన్నడూ వేడినీటి బుగ్గలో దిగలేదు. మా పేటలోని బుగ్గ నీళ్ల స్నానశాలలో అతని వరస చూశాకే పెళ్లి మాట చెబుతానన్నాడు కెంజో.

శనివారం నాలుగు గంటలకు కెంజో, కుర్రాడూ లోపలికి వచ్చారు; చిజురు ఆడవాళ్ల వైపు వెళ్లింది. అందరూ కలిసి కూర్చునే వేడినీళ్ల తొట్టిలో నేనూ, ఎనభై ఎనిమిదేళ్ల కుమగాయ్ తాతా ఉన్నాం.

చిజురు వారం రోజులు ఫోన్లో పాఠం చెప్పిందట. తొమొహిదె పీట మీద కూర్చుని, పక్కవాళ్ల మీద చుక్క పడకుండా ఒళ్లు తోముకున్నాడు. పీట కడిగి ఎక్కడిదక్కడ పెట్టాడు. చిన్న తువ్వాలు నీళ్లకు తగలకుండా నెత్తిన పెట్టుకున్నాడు. కెంజోకు వంక దొరకలేదు.

కెంజో వెనకే తొమొహిదె తొట్టిలో కాలు పెట్టి వెంటనే తీశాడు. గోడ మీద థర్మామీటర్ నలభై ఆరు చూపిస్తోంది.

"ఏం, చల్లగా ఉన్నాయా?" అన్నాడు కెంజో.

"లేదండీ."

"మా చిజురు ఆరో ఏటే దిగింది."

కుర్రాడు మెడ దాకా దిగి కూర్చున్నాడు. చన్నీళ్ల కుళాయి అతని మోచేతి పక్కనే ఉంది. నిరుడు ఎవరో పొరుగూరి మనిషి దాన్ని అడక్కుండా తిప్పితే, తాత చిన్న తువ్వాలు అడ్డం పెట్టుకుని రోడ్డు దాకా తరిమాడు. అప్పట్నుంచి దాని జోలికి ఎవరూ పోలేదు.

మగవాళ్ల వైపుకీ ఆడవాళ్ల వైపుకీ మధ్య గోడ పైకప్పును అంటదు. అటునుంచి చిజురు అరిచింది. "నాన్నా! బతికే ఉన్నాడా?"

"ఇంకా ఉడకలేదే!"

తొమొహిదె ముగ్గురికీ తలవంచాడు. "కొంచెం చన్నీళ్లు కలుపుకోనా అండీ? మీలో ఎవరికి ఇబ్బందైనా మానేస్తాను."

కెంజో తాత వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"కలుపు" అన్నాడు తాత.

"అదేంటి తాతా, నీకు వేడే ఇష్టం కదా?" అన్నాను.

"ఎవరు చెప్పారు? డాక్టరు నలభై రెండు దాటొద్దన్నాడు. మీకిష్టం కదా అని ఓర్చుకుంటున్నా."

"నీకోసం మేం ఏడాదిగా ఉడుకుతున్నాం! మరి ఆ పొరుగూరి మనిషిని రోడ్డు దాకా తరిమావుగా?"

"వాడు అడగలేదు. వీడు అడిగాడు. మీకు నోళ్లు లేవూ?"

కెంజో లేచి వెళ్లి తనే కుళాయి తిప్పాడు. నీళ్లు పడుతున్నంతసేపూ అక్కడే నిలబడ్డాడు.

"చిజురూ! వసంతంలో మంచిరోజు చూసుకోండి!"

గోడ అవతల సంబరంగా చెక్క చెంబుల మోత మోగింది. అది ఆగాక ఒకావిడ గొంతు తగ్గించి అంది. "పెళ్లికొడకా, మావైపూ చన్నీళ్లు కలుపుతామని ఓసారి అడిగి పెడుదూ. కాలిపోతున్నాం."

"ఎవరే అది?" అని అటునుంచే గద్దించింది తాత భార్య.